అమ్మానాన్నలతో రోమ్‌లో ఒక రోజు: గైడును పెట్టుకుని చూపించే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో యూరప్ వెళ్లిన పిల్లలు తల్లిదండ్రులను ఒకసారి అక్కడికి పిలిపించుకోవడం ఇప్పుడు మామూలైంది. వచ్చిన అమ్మకో నాన్నకో ఒక పెద్ద నగరం చూపించాలనుకున్నప్పుడు చాలామంది రోమ్‌ను ఎంచుకుంటారు, ఒక రోజుకు గైడును కూడా మాట్లాడుకుంటారు. తీరా ఆ రోజు గైడు ఇంగ్లీషులో చెబుతూ ముందు నడుస్తాడు, పిల్లలు వింటూ తలలూపుతారు, పెద్దవాళ్లు వెనక నడిచి ఫొటోలకు నిలబడతారు. ఖర్చు పెట్టింది వారి కోసం, చరిత్ర విన్నది మనం. అలా జరగకూడదనుకుంటే రెండు పనులు చేయాలి. రోజును వారి కాళ్లకు, ఆకలికి, నిద్రకు సరిపడేలా అమర్చుకోవాలి. గైడు చెప్పే విషయాన్ని వారికి ముందే తెలిసిన విషయంతో ముడిపెట్టి తెలుగులో అందించే బాధ్యతను మనమే తీసుకోవాలి. మా అమ్మతో తిరిగిన అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది.

ఇంటి దగ్గర ఉండగానే

రోమ్ పాత వీధుల్లో నల్లరాతి దిమ్మెలు పరిచి ఉంటాయి. వాటి మధ్య సందులు, ఎత్తుపల్లాలు ఉంటాయి కనుక పలుచటి చెప్పులతో గంట నడిచేసరికి పాదాలు నొప్పెడతాయి. "మెట్ల దారిలో కొండ ఎక్కినదాన్ని, ఇదెంత" అని అమ్మ అనవచ్చు. అలిపిరి దారిలోని 3,550 మెట్లు ఎక్కడం నిజంగా పెద్ద విషయమే. కానీ ఆ దారిలో నీడ ఉంటుంది, అలసిన చోట మెట్టు మీదే కూర్చోవచ్చు, ఎవరి వేగం వారిది. రోమ్‌లో గైడు వెంట తిరిగేటప్పుడు నడకకన్నా నిలబడటమే ఎక్కువ శ్రమ. కూర్చోవడానికి కూడా అన్ని చోట్లా వీలుండదు. ప్రసిద్ధమైన స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా వేస్తున్నారు.

అందువల్ల ప్రయాణానికి కనీసం నెల ముందు మెత్తటి అడుగున్న బూట్లు కొని, మేజోళ్లతో సహా వేయించి, ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణంలోనో మీ వీధిలోనో రోజూ ఉదయం నడిపించాలి. కొత్త బూట్లను విమానాశ్రయంలో మొదటిసారి తొడిగించకూడదు. ఆ నడకల్లో మీరు గమనించవలసింది ఆమె ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నారన్నది ఒక్కటే కాదు, కూర్చోకుండా ఎంతసేపు నిలబడగలుగుతున్నారన్నది కూడా. ఇరవై నిమిషాలు అనుకుంటే, గైడుతో మాట్లాడేటప్పుడు ఆ ఇరవై నిమిషాలనే కొలమానంగా పెట్టుకోవాలి. చీర కట్టుకునేవారైతే కుచ్చిళ్లను మామూలుకన్నా కొంచెం పైకి కట్టుకుని బూట్లతో నడవడం అలవాటు చేసుకుంటే మంచిది. చీర వదిలి వేరే బట్టలు వేసుకోమని బలవంతపెట్టవలసిన అవసరం లేదు.

టికెట్ల విషయంలో మనవారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేరు. రోమన్ల కాలపు పెద్ద ఆటస్థలమైన కొలోసియం టికెట్లు వ్యక్తి పేరు మీద ఇస్తారు, ద్వారం దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. మన పెద్దలకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఏ అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో వాటినే టికెట్టులోనూ, వీసా దరఖాస్తులోనూ, బీమాలోనూ రాయాలి. ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఆ బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగరు వంటి పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర స్థితికి అది వర్తిస్తుందో లేదో చదివి చూడండి, ఎందుకంటే వయసు మళ్లినవారికి అసలు అవసరం అక్కడే ఉంటుంది. మందులు వాటి అట్టలతోనే, డాక్టరు చీటీతో సహా, విమానంలో చేతి సంచిలోనే ఉండాలి.

సామానులో పాలు, మాంసంతో చేసినవి పెట్టకూడదు. యూరప్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు వాటిని వెంట తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది, నెయ్యి, పాలకోవా కూడా ఆ కోవలోకే వస్తాయి. తిరుమల లడ్డూను తీసుకెళ్లాలని పెద్దవారికి ఎంతో కోరికగా ఉంటుంది. అక్కడి తనిఖీలో ప్రసాదాన్ని చెత్తబుట్టలో వేయించే పరిస్థితి తెచ్చుకోకుండా, ఇంటి దగ్గరే పంచిపెట్టి బయలుదేరడం మంచిదని నెమ్మదిగా నచ్చజెప్పాలి. కందిపొడి, పులిహోర పొడి, చింతకాయ పచ్చడి చాలు.

ఏ రోజు, ఏ వేళ

వేసవి కాలమానం నడిచే మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు ఇటలీ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. ఇంటి దగ్గర ఐదింటికి లేచి ముగ్గు వేసే అమ్మకు రోమ్‌లో ఒంటిగంటన్నరకే మెలకువ వస్తుంది. గైడు ఎనిమిదిన్నరకు మొదలుపెట్టేసరికి ఆమె శరీరానికి మధ్యాహ్నం పన్నెండు, అంటే అప్పటికే భోజనం వేళ. సాయంత్రం ఐదున్నరకు రాత్రి తొమ్మిది, అంటే పడుకునే వేళ. ఈ లెక్క తెలిస్తే ఆ రోజు ఎలా ఉండాలో దానంతట అదే తేలుతుంది. గైడును దిగిన రోజునో మరుసటి రోజునో పెట్టుకోకూడదు, మూడో రోజుకు పెట్టుకోవాలి. ఉదయం మొదటి వేళకే మొదలుపెట్టాలి. "సాయంత్రం వెలుతురులో నగరం" అనే రకం నడకలు ఎంత ఆకర్షణీయంగా కనిపించినా పెద్దవారితో ఉన్నప్పుడు తీసుకోకూడదు. షుగరు మందు, ఇన్సులిన్ వేసుకునేవారి వేళలను మాత్రం బయలుదేరే ముందే డాక్టరును అడిగి రాసుకోవాలి.

వారంలో ఏ రోజన్నది కూడా ఆలోచించాలి. నెలలో మొదటి ఆదివారం కొలోసియం వంటి ప్రభుత్వ కట్టడాలకు ప్రవేశం ఉచితం, అందుకే ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు. వాటికన్ మ్యూజియాలు ఆదివారాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు కానీ ఆ రద్దీ పెద్దవారికి తగదు. బుధవారం ఉదయం పోప్ దర్శనమిచ్చే సభ ఉంటుంది కనుక వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి చుట్టుపక్కల కదలడమే కష్టమవుతుంది. వీటికి తోడు మన ఇంటి క్యాలెండరు ఒకటుంది. అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషైతే శనివారం గైడును పెట్టుకోవద్దు. "అక్కడికి వెళ్లినప్పుడైనా మానవచ్చు కదా" అని మనం అనుకుంటాం, ఆమె మానరు, ఖాళీ కడుపుతో ఎండలో నడుస్తారు.

రెండు చోట్లే చూడాలి

కొలోసియం, ఫోరం (పాత రోమన్ల నగర కూడలి శిథిలాలు), వాటికన్, ట్రేవీ ఫౌంటెన్, పాంథియన్ (రోమన్ల పాత దేవాలయం) అన్నీ ఒకే రోజులో చూపిస్తామనే యాత్రలు అమ్ముతారు. ముప్పై ఏళ్లవారికి అవి సాధ్యమే, అరవై దాటినవారికి అవి శిక్ష. నా సలహా ఏమిటంటే, ఉదయం ఒక పెద్ద స్థలాన్ని గైడుతో రెండున్నర గంటలకు మించకుండా చూడాలి, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోవాలి, నాలుగింటికి ఒక చిన్న స్థలాన్ని గైడు లేకుండా మీరే చూపించాలి. రాజులు, కోటలు, యుద్ధాలు ఇష్టపడేవారికి కొలోసియం. గుళ్లు, పూజలు, శిల్పాలు ఇష్టపడేవారికి వాటికన్. రెంటినీ ఒకే రోజులో కలపవద్దు.

గైడును మాట్లాడుకునేటప్పుడు

ఇటలీలో గైడుగా పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అర్హత ఉండాలి, గుర్తింపు కార్డు ఉంటుంది. ఆ అర్హత ఉందో లేదో ముందు అడగాలి. కొలోసియం బయట నిలబడి "లైను లేకుండా తీసుకెళ్తాం" అని పిలిచేవారితో ఒప్పందం చేసుకోవద్దు. డబ్బు అనుకూలిస్తే ఒక్క కుటుంబానికే వచ్చే గైడు ఎంతో మేలు, ఎందుకంటే ఆయన మీ అమ్మ వేగానికి నడుస్తారు, మీరు తెలుగులో చెప్పేదాకా ఆగుతారు. అంత ఖర్చు వద్దనుకుంటే బృందంలో ఎంతమంది ఉంటారో తెలుసుకుని, పది పన్నెండు మందికి మించనిదాన్ని ఎంచుకోవాలి.

బుక్ చేసే ముందు వారికి ఒక సందేశం పంపాలి. మొత్తం ఎంత దూరం నడవాలి, కూర్చోకుండా ఎంతసేపు నిలబడాలి, లిఫ్టు వాడుకోవచ్చా, మరుగుదొడ్డికి ఎక్కడ ఆగుతారు, చెప్పిన ధరలో ప్రవేశ టికెట్టు కలిసి ఉందా అని అడగాలి. మా అమ్మకు తెలుగు మాత్రమే వచ్చు, నేను పక్కన తెలుగులో చెబుతాను, దయచేసి నాలుగైదు వాక్యాలకు ఒకసారి ఆగండి అని కూడా ముందే రాయాలి. ఈ మాటను అక్కడికి వెళ్లాక చెబితే గైడు మర్యాదకు సరే అంటారు, రెండు నిమిషాల్లో మరచిపోతారు. ముందే చెబితే దానికి తగ్గట్టు సిద్ధమై వస్తారు.

బృందాల్లో గైడు మైకులో మాట్లాడితే మన చెవి పరికరంలో వినిపిస్తుంది. దీనివల్ల ఒక సౌలభ్యం ఉంది. గైడు పక్కనే నిలబడి ఉండనక్కరలేదు, కొంచెం దూరంలో ఏ రాతి గట్టు మీదనో అమ్మను కూర్చోబెట్టి, మీరు ఒక చెవితో వింటూ ఆమెకు నెమ్మదిగా చెప్పవచ్చు. మిగతావారికి ఇబ్బంది కలగదు. గైడు కనిపించే దూరంలోనే ఉండాలి.

ముందు రాత్రి చెప్పవలసిన కథ

ఆ రోజు మంచి చెడ్డలను ఎక్కువగా నిర్ణయించేది ముందు రాత్రి అని నా నమ్మకం. గైడు చెప్పేటప్పుడు అక్కడికక్కడ తెలుగులోకి మార్చడం ఎంత తెలుగు వచ్చినవారికైనా కష్టం. సగం వాక్యం దగ్గర గైడు ముందుకు వెళ్లిపోతాడు. అందువల్ల ముందు రాత్రి భోజనం తరవాత అరగంట కూర్చుని కథంతా తెలుగులో చెప్పేయాలి. మరునాడు గైడు చెప్పినప్పుడు "రాత్రి చెప్పానే, ఆ రాజు" అంటే సరిపోతుంది.

కొలోసియం కథ ఇలా చెప్పవచ్చు. నీరో అనే చక్రవర్తి నగరం నడిబొడ్డున తన విలాసాల కోసం రాజభవనం, దాని పక్కన చెరువు కట్టుకున్నాడు. అతని తరవాత కొద్దికాలానికి వచ్చిన వెస్పేషియన్ ఆ చెరువును పూడ్పించి, ఆ చోట ప్రజలందరూ కూర్చుని చూసే ఆటస్థలం మొదలుపెట్టాడు. అతని కొడుకు టైటస్ క్రీ.శ. 80లో దాన్ని ప్రారంభించాడు. పొడవు 189 మీటర్లు, వెడల్పు 156 మీటర్లు, ఎత్తు సుమారు 48 మీటర్లు. చుట్టూ 80 ద్వారాలు. జనం తొక్కిసలాట లేకుండా వెళ్లడానికి ద్వారాలకు అంకెలు వేశారు, వాటిలో కొన్ని ఇప్పటికీ తోరణాల పైన కనిపిస్తాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్న అనుభవమున్న తిరుపతి మనిషికి ఈ అంకెల సంగతి చెబితే, వేల మందిని ఒక చోటికి రప్పించి పంపించడంలో ఉండే కష్టం ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది. మా అమ్మ అక్కడ అన్నింటికన్నా ఎక్కువసేపు చూసింది ఆ అంకెలనే.

కిందిభాగంలో నేలమాళిగలు ఉండేవని, జంతువులను అక్కడ ఉంచి తాళ్లతో, కప్పీలతో పైకి లాగేవారని, మనుషులూ జంతువులూ చనిపోతుంటే జనం వినోదంగా చూసేవారని కూడా దాచకుండా చెప్పాలి. పెద్దవారికి అది బాధ కలిగిస్తుంది, కానీ తెలియకుండా ఆ స్థలాన్ని చూసి అందంగా ఉందని అనుకోవడం సరికాదు. "ఇంత పెద్దది కట్టినోళ్లు దీన్ని ఏల ఇట్ల వదిలేసినారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. భూకంపాల్లో కొంత కూలిందని, 1349 నాటి భూకంపంలో దక్షిణ భాగం పడిపోయిందని, పడిన రాళ్లను తరవాతి శతాబ్దాల్లో ఇతర కట్టడాలకు తీసుకెళ్లారని జవాబు చెప్పండి.

కాలాన్ని వారికి తెలిసిన గుర్తులతో చెబితే మనసులో నిలుస్తుంది. ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివలింగం క్రీస్తుకు ముందు కాలానిదని చాలామంది చరిత్రకారులు భావిస్తారు, ఆ లెక్కన కొలోసియం దానికన్నా తరవాతిది. పాంథియన్‌ను ఇప్పుడున్న రూపంలో కట్టించిన హేడ్రియన్ చక్రవర్తి బంగారు నాణేలు, ఆనాటి మరికొందరు రోమన్ పాలకుల నాణేలతో కలిసి, 18వ శతాబ్దం చివరలో మన పక్కనే ఉన్న నెల్లూరు ప్రాంతంలో పొలం దున్నుతున్న రైతుకు దొరికాయి. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల వచ్చింది 1513లో. మైకెలాంజెలో అనే చిత్రకారుడు వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం పైకప్పు చిత్రాలను ముగించింది 1512లో. తిరుమల ఆలయంలో రాయలవారు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన విగ్రహాలను ఎన్నోసార్లు చూసిన అమ్మకు "ఆయన కాలమే" అని ఒక్క మాట చెబితే చాలు, ఆ పైకప్పు ఎంత పాతదో వేరే వివరించనక్కరలేదు. ఇలాంటి ముడి గైడు వేయలేడు. ఎంత చదువుకున్నవాడైనా అతనికి గుడిమల్లం తెలియదు.

కొలోసియం దగ్గర

మెట్రో బి లైనులో కొలోసియో స్టేషన్ కట్టడానికి ఎదురుగానే ఉంటుంది. ఉదయపు రద్దీలో మెట్రో వద్దనుకుంటే టాక్సీ మేలు, రోమ్‌లో అధికారిక టాక్సీలు తెల్ల రంగులో ఉంటాయి. ద్వారం దగ్గర సంచుల తనిఖీ ఉంటుంది, గాజు సీసాలు, పెద్ద సంచులు అనుమతించరు. ఇక్కడ ఫోను బయట ఇచ్చేయనక్కరలేదని, చెప్పులు విప్పనక్కరలేదని ముందే చెప్పండి. తనిఖీ అంటే తిరుమలలోలాగా అన్నీ అప్పగించాలని వారు కంగారుపడతారు.

లోపలి మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. నడవడం కష్టమైనవారికి లిఫ్టు ఉంది, అక్కడి సిబ్బందిని అడగాలి. పై అంతస్తుకు ఒకసారి ఎక్కి లోపలి వలయం మొత్తం కనిపించే చోట పది నిమిషాలు నిలబడితే చాలు, చుట్టూ తిరిగి రానక్కరలేదు. టికెట్టుతో పాటు ఫోరం, పాలటైన్ కొండ కూడా వస్తాయి. ఫోరంలో నీడ తక్కువ, దారి గతుకులు. పాలటైన్ కొండ ఎక్కడం మానేసి, ఫోరంను పైనుంచి కనిపించే వీధి అంచు నుంచి గైడుతో చెప్పించుకోవడం మోకాళ్ల నొప్పులున్నవారికి సరిపోతుంది. డబ్బు కట్టాం కదా అని ఎక్కించవద్దు.

పదిన్నరకు అమ్మకు బాగా ఆకలేస్తుంది, ఇటలీ హోటళ్లలో మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు గానీ మొదలు కాదు. ఉదయం గదిలో కలిపిన పులిహోరో, పొడి కలిపిన అన్నమో డబ్బాలో ఉండాలి. కట్టడాల మెట్ల మీద, ఫౌంటెన్ల గట్ల మీద కూర్చుని తినడానికి వీల్లేదు, పార్కులో బల్ల చూసుకోవాలి. నీళ్ల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. రోమ్ వీధుల్లో నిరంతరం నీళ్లు పారే చిన్న ఇనుప కొళాయిలు రెండు వేలకు పైగా ఉన్నాయి, 1870లలో మొదలైన ఏర్పాటు అది. ఆ నీరు తాగదగినదే, చల్లగా ఉంటుంది.

మరుగుదొడ్ల సంగతి సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకోవాలి. దారిలో ఇబ్బంది అవుతుందని పెద్దవారు నీళ్లు తాగడమే మానేస్తారు, ఎండలో అది ప్రమాదం. కొలోసియంలో, వాటికన్ మ్యూజియాల్లో మరుగుదొడ్లు ఉన్నాయి. దారిలో అయితే ఒక కాఫీ కొనుక్కుని ఆ కాఫీ బార్‌లోది వాడుకోవచ్చు. అక్కడ కాగితం తప్ప నీళ్లుండవు కనుక సంచిలో ప్రత్యేకంగా ఒక నీళ్ల సీసా ఉంచండి.

వాటికన్‌ను ఎంచుకుంటే

భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్నది ఇక్కడి నియమం. చీర, పంచె, ప్యాంటు అన్నీ సరిపోతాయి, ఇబ్బంది వచ్చేది సాధారణంగా పిల్లల దుస్తులతోనే. చర్చి లోపలికి బూట్లతోనే వెళ్తారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ జీవితమంతా గడప బయట చెప్పులు విడిచిన మనిషి గుడి వంటి చోటికి బూట్లతో అడుగుపెట్టడానికి నిజంగా సంకోచిస్తారు. వారి ఆచారంలో అది తప్పు కాదని, మగవారు టోపీ తీయడమే అక్కడి మర్యాద అని ముందు రాత్రే చెప్పాలి.

మ్యూజియాల దారి చాలా పొడవు, కూర్చునే చోట్లు తక్కువ. మోకాళ్లు సహకరించనివారికి వీల్‌చైర్ గురించి ముందే అడిగి పెట్టుకోండి. "నాకెందుకు అది" అని నాన్న అంటే, ఉన్నంత బలాన్ని చూడడానికి దాచుకుందామని చెప్పండి. సిస్టీన్ చాపెల్‌లో గైడు మాట్లాడకూడదు, ఫొటోలు తీయకూడదు. అందుకే గైడు బయటి ఆవరణలోనే బొమ్మలు చూపించి వివరిస్తాడు. అక్కడ చెప్పేది పూర్తిగా విని, అప్పుడే అమ్మకు చెప్పాలి. లోపల గోడల వెంట బల్లలుంటాయి. ఖాళీ చూసి కూర్చోబెడితే తల ఎత్తి పైకప్పును తీరిగ్గా చూడగలుగుతారు. నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తే కళ్లు తిరగవచ్చు. పైకప్పు 1508 నుంచి 1512 వరకు వేసింది, బలిపీఠం వెనక గోడ మీది అంతిమ తీర్పు చిత్రం 1536కూ 1541కీ మధ్య అదే చిత్రకారుడు వేసింది.

సెయింట్ పీటర్స్ బసిలికాకు ప్రవేశ రుసుము లేదు, తనిఖీ వరుస మాత్రం పొడవుగా ఉంటుంది. నిర్మాణం 1506లో మొదలై 1626లో ప్రతిష్ఠ జరిగింది. గోపురం మీదికి 551 మెట్లు. లిఫ్టు కొంత దూరమే తీసుకెళ్తుంది, ఆ తరవాత ఇంకా మూడువందలకు పైగా ఇరుకైన మెట్లు ఉంటాయి కాబట్టి పెద్దవారిని ఎక్కించవద్దు. దానికి బదులు లోపలికి వెళ్లగానే కుడివైపు అద్దం వెనక ఉన్న పియెటా శిల్పం దగ్గర ఎక్కువసేపు ఆగండి. చనిపోయిన కొడుకును ఒడిలో పడుకోబెట్టుకున్న తల్లి. ఇరవై నాలుగేళ్ల వయసులో మైకెలాంజెలో చెక్కాడని చెప్పి, మీరు ఇక మాట్లాడకుండా ఉండండి. ఆ రాయి ముందు ఏ అమ్మకూ గైడు అవసరం లేదు.

జాగ్రత్తలు

రద్దీ బస్సుల్లో, మెట్రోలో, ట్రేవీ దగ్గర జేబుదొంగలు ఉంటారు. బంగారం ఎంత తక్కువైతే అంత మంచిది, మంగళసూత్రం జాకెట్టు లోపలికి ఉండాలి. వీధుల్లో కొందరు నవ్వుతూ వచ్చి చేతికి దారం కడతారు, పువ్వు చేతిలో పెడతారు, వెంటనే డబ్బు అడుగుతారు. గుడి దగ్గర తోరం కట్టించుకోవడానికి, ప్రసాదం అందుకోవడానికి చేయి చాపే అలవాటున్న పెద్దవారు అప్రయత్నంగా చేయి ఇచ్చేస్తారు. ఇది ఒక్కటి మాత్రం రెండుసార్లు చెప్పాలి. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే నిలబడమని చెప్పి, హోటలు చిరునామా, మీ ఫోను నంబరు రాసిన కాగితం వారి దగ్గర ఉంచండి. అత్యవసర సహాయానికి నంబరు 112.

మధ్యాహ్నం, సాయంత్రం

శాకాహారులకు ఇటలీలో ఆకలి బాధ ఉండదు, కానీ కొన్ని తెలుసుకోవాలి. పర్మేజాన్ జున్నును దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో విరిచి తయారు చేస్తారు, అది పట్టింపు ఉన్నవారికి జున్ను లేని మరినారా పిజ్జా మంచిది. టమాటా, వెల్లుల్లి, నూనె, ఎండు ఆకులు మాత్రమే ఉంటాయి. కూరగాయల సూపులో మాంసపు రసం కలపవచ్చు, అడిగి తీసుకోవాలి. టెర్మినీ స్టేషన్ దగ్గర పియాజా విట్టోరియో చుట్టూ భారతీయ సరుకుల దుకాణాలు ఉన్నాయి. భోజనం తరవాత రెండు గంటలు తప్పనిసరిగా పడుకోనివ్వండి.

నాలుగింటికి పాంథియన్. ప్రవేశానికి టికెట్టు ఉంటుంది. దాదాపు పంతొమ్మిది శతాబ్దాల నాటి ఆ గుమ్మటం వ్యాసం 43 మీటర్లకు పైగా, నేల నుంచి ఎత్తు కూడా అంతే. లోపల ఇనుప కడ్డీ లేని కాంక్రీటుతో కట్టిన గుమ్మటాల్లో నేటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల రంధ్రం తెరిచే ఉంటుంది, వాన పడితే నీరు లోపలే పడి నేలలోని సన్నని రంధ్రాల గుండా పోతుంది. రోమన్ల దేవతల ఆలయంగా ఉన్నది 609లో చర్చిగా మారింది, అందుకే కూలకుండా నిలిచింది. నెల్లూరు నాణేల మాట గుర్తు చేయవలసిన చోటు ఇదే. అక్కడి నుంచి ట్రేవీ ఫౌంటెన్‌కు నెమ్మదిగా నడిచినా పావుగంటే. 1762లో పూర్తయిన ఆ ఫౌంటెన్‌కు నీరు తెచ్చే కాలువ క్రీ.పూ. 19లో తవ్వినది. అందులో వేసిన నాణేలను తీసి బీదల సహాయానికి వాడతారని చెబితే అమ్మ సంతోషంగా ఒక నాణెం వేస్తారు.

ఆరు లోపు గదికి చేరి, వేడి నీళ్లలో కాళ్లు పెట్టించి, ఆ రోజు ఫొటోలను ఆమెతో కలిసి చూస్తూ ఒక్కోదానికి పేరు ఆమె చేతే చెప్పించండి. చెప్పలేకపోయిన చోట్లను మాత్రమే మళ్లీ వివరించండి. ఊళ్లో చెల్లెలికి ఫోను చేసి తానే చెప్పగలిగేలా ఉండాలి. మరుసటి రోజు ఉదయానికి ఏ టికెట్టూ కొని పెట్టుకోవద్దు. మోకాళ్లు ఎలా ఉన్నాయో లేచాక అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.